బుడగలో ఇంటి మాట, పెట్టెలో పుస్తకం మాట: బొమ్మల కథలు గీస్తూ చదువు నేర్చుకునే పిల్లలు

రెండో తరగతి పిల్ల నోట్‌బుక్ తెరిస్తే చూచిరాత ముత్యాల్లా ఉంటుంది. పైన టీచరు రాసిన వాక్యం, కింద అదే వాక్యం పదిసార్లు. డిక్టేషన్‌లో పదికి ఎనిమిది మార్కులు. అదే పిల్లను "నిన్న సాయంత్రం ఏం చేశావో రెండు వాక్యాలు రాయమ్మా" అంటే పెన్సిల్ కొరుకుతూ కూర్చుంటుంది. పోనీ చెప్పడానికి ఏమీ లేదా అంటే, నోరు తెరిచిందంటే ఆపడం కష్టం. మేక ఈనింది, అన్న సైకిల్ మీంచి పడ్డాడు, నాయనమ్మ కళ్లజోడు దొరకలేదు. చెప్పాల్సింది బోలెడుంది, అక్షరాలూ వచ్చు. తన నోట్లో ఉన్న మాటను తన చేత్తోనే కాగితం మీద పెట్టొచ్చని మాత్రం ఆ పిల్లకు ఎవరూ చూపించలేదు.

ఆ సంగతి చూపించడానికి ఉన్న మంచి దారుల్లో బొమ్మల కథ గీయించడం ఒకటి. కామిక్స్ చదివించడం గురించి చాలామంది మాట్లాడతారు, అది మంచిదే. పిల్లల చేత కామిక్ తయారు చేయించడం వేరే పని. చదివేటప్పుడు ఎవరో ఎంచిపెట్టిన బొమ్మలు, ఎవరో రాసిన మాటలు ఉంటాయి. గీసేటప్పుడు ఏ బొమ్మ ఉండాలి, ఎవరు ఏమనాలి, ఏది వదిలేయాలి అన్నది ఆరేడేళ్ల పిల్లే తేల్చుకోవాలి. రాయడమంటే అసలు పని అదే.

ఇది ఎందుకు ముఖ్యమో అంకెల్లో చూడవచ్చు. గ్రామీణ ప్రాంతాల్లో పిల్లల చదువును పరిశీలించే అసర్ 2024 నివేదిక ప్రకారం, దేశంలోని ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతం. 2022లో ఇది 16.3 శాతమే కాబట్టి మెరుగుదల ఉంది. అయినా నలుగురిలో ముగ్గురు వెనకే ఉన్నారు. మూడో తరగతి దాటేలోగా ప్రతి పిల్లా అర్థం చేసుకుంటూ చదవాలన్న లక్ష్యంతో కేంద్రం 2021 జులై 5న నిపుణ్ భారత్ మొదలుపెట్టింది. దానికి పెట్టుకున్న గడువు 2026-27. తెలంగాణలో చిన్న తరగతుల పునాది చదువు కోసం 2022లో తొలిమెట్టు కార్యక్రమం మొదలైంది. వీటన్నిటిలో పరీక్షించేది ఎక్కువగా చదవడాన్నే. సొంతంగా రాయడం చివరకు మిగిలిపోయే పనిగా ఉండిపోతోంది. సొంతంగా రాసే పిల్ల తను రాసింది మళ్లీ మళ్లీ చదువుకుంటుంది కాబట్టి, రాత వెనకబడితే చదువూ కొంత వెనకబడుతుంది.

గుడ్డు, కోతి, నాలుగు గడులు

ఒక చిన్న ఉదాహరణ తీసుకుందాం. బడిలో మధ్యాహ్న భోజనం. ఆ రోజు గుడ్డు పెట్టారు. గోడ మీది కోతి దూకి ఒక పిల్ల పళ్లెంలో గుడ్డు ఎత్తుకుపోయింది. పక్కన కూర్చున్న స్నేహితురాలు తన గుడ్డులో సగం ఇచ్చింది. కోతుల బెడద ఉన్న ఊళ్లలో ఇది రోజూ జరిగే కథే.

పిల్ల దీన్ని నోటితో ఎలా చెబుతుంది? "కోతి వచ్చి గోడెక్కి కూర్చొని చూసి చూసి దూకి నా గుడ్డెత్తుకొని పోయింది!" ఒకే వాక్యం, అందులో ఏడెనిమిది పనులు. వచ్చి, ఎక్కి, కూర్చొని, చూసి, దూకి అంటూ అసమాపక క్రియలను దండలా గుచ్చుకుంటూ పోవడం తెలుగు కథనంలో ఉన్న సహజమైన నడక. అమ్మమ్మలు కథ చెప్పేది ఇలాగే, పిల్లలకు పుట్టుకతో అబ్బినట్టు వచ్చేదీ ఇదే. ఈ దండను అలాగే రాయమంటే రెండో తరగతి చెయ్యి అలిసిపోతుంది.

ఇప్పుడు ఒక ఏ4 కాగితాన్ని రెండు మడతలు పెట్టి విప్పితే నాలుగు గడులు వస్తాయి. ఎనిమిది పనులు, నాలుగు గడులు. ఏవి ఉంచాలి? గోడ ఎక్కడం వేరే గడిగా గీయాలా, గోడ మీద కూర్చున్న కోతిని గీస్తే ఎక్కిందని తెలియదా? ఇక్కడ పిల్ల చేసేది సంపాదకుడి పని. మొదటి గడిలో పళ్లెం, గుడ్డు, నవ్వు ముఖం. రెండో గడిలో గోడ మీద కోతి. మూడో గడిలో కోతి చెయ్యి, ఖాళీ పళ్లెం. నాలుగో గడిలో సగం గుడ్డు పట్టుకున్న మరో చెయ్యి.

రెండో గడికీ మూడో గడికీ మధ్య కోతి దూకింది. ఆ దూకడం ఎక్కడా గీయలేదు, చదివేవాళ్లకు మాత్రం కనిపిస్తుంది. అమెరికన్ కార్టూనిస్టు స్కాట్ మెక్‌క్లౌడ్ కామిక్స్ ఎలా పనిచేస్తాయో వివరిస్తూ 1993లో కామిక్ రూపంలోనే ఒక పుస్తకం రాశాడు. గడుల మధ్య ఖాళీని పాఠకుడి మనసే పూరిస్తుందన్నది అందులో ముఖ్యమైన మాట. పాఠం చదివి, చెప్పనిది కూడా గ్రహించడం పై తరగతుల్లో పిల్లలకు కష్టంగా ఉండే పని. ఇక్కడ ఏడేళ్ల పిల్ల ఆ ఖాళీని తనే వదులుతోంది. ఎదుటివాళ్లు దాన్ని పూరించగలరో లేదో పక్క పిల్లకు చూపించి తెలుసుకుంటోంది.

ఆ పక్క పిల్ల చదువుతున్నప్పుడే మరొకటి జరుగుతుంది. మొదటి గడిలో బుడగలో "ఈరోజు గుడు!" అని ఉంది. "గుడు ఏందే?" అని అడుగుతుంది స్నేహితురాలు. రాసిన పిల్ల కాగితం లాక్కుని చూసుకుంటుంది. డ కింద ఒత్తు లేదు. రబ్బరు కోసం వెతుకుతుంది. అదే తప్పును నోట్‌బుక్‌లో ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి చూపించి ఉంటే అది టీచరు చెప్పిన తప్పు అయ్యేది. ఇక్కడ తన కథ ఒకరికి అర్థం కాలేదు. ఒత్తు ఎందుకు పెట్టాలో ఆ పిల్లకు నిజంగా తెలిసింది ఆ నిమిషంలోనే.

బుడగ, పెట్టె

కామిక్‌లో మాటలు రెండు చోట్ల ఉంటాయి. పాత్రలు అనేవి బుడగలో, కథ చెప్పేవి గడి పైన ఉండే చిన్న పెట్టెలో. చూడటానికి ఇది గీతల తేడా. తెలుగు పిల్లలకు ఇది అంతకంటే చాలా పెద్ద విషయం.

మన ఇళ్లలో మాట్లాడే తెలుగు, పుస్తకంలో అచ్చయ్యే తెలుగు ఒకటి కావు. కరీంనగర్ పిల్ల "ఏం జేస్తున్నవ్" అంటుంది, కడప పిల్ల "ఏం చేస్తాండావ్" అంటుంది, శ్రీకాకుళం పిల్ల "ఏటి సేస్తన్నావు" అంటుంది. బడిలో ముగ్గురూ "ఏమి చేస్తున్నావు" అని రాయాలి. చదువు జనం మాట్లాడే భాషకు దగ్గరగా ఉండాలని గిడుగు వెంకట రామమూర్తి వందేళ్ల కిందట పోరాడారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. పుస్తకాల్లోకి వ్యావహారికం వచ్చింది. అయితే వచ్చినది ఒక ప్రామాణిక వ్యావహారికం. చాలామంది పిల్లలకు ఇప్పటికీ అది ఇంటి మాట కాదు. తను మాట్లాడేదంతా తప్పు తెలుగేమో అన్న అనుమానం ఆరేళ్ల పిల్లలో మొదలైందంటే ఇక ఆ చెయ్యి రాయడానికి వెనకాడుతుంది.

బుడగ ఆ అనుమానాన్ని తీసేస్తుంది. నాలుగో గడిలో స్నేహితురాలు "ఇగో, సగం తీస్కో" అనే అంటుంది, ఎందుకంటే నిజంగా అన్నది అదే. దాన్ని "ఇదిగో, సగము తీసుకొనుము" అని దిద్దితే గడిలోని ఆ పిల్ల పరాయిదైపోతుంది. పై పెట్టెలో మాత్రం "అంతలో కోతి వచ్చింది" అని రాస్తారు. అక్కడ కథ చెప్పే గొంతు ఉంటుంది. అంతలో, ఆ తర్వాత, మర్నాడు లాంటి మాటలు పిల్లలకు పుస్తకాల నుంచే వస్తాయి. ఒకే కాగితం మీద రెండు రకాల తెలుగూ, దేని చోట అది. ఏది ఎక్కడ వాడాలో పిల్ల చేతులతో తెలుసుకుంటుంది. దీన్ని ఇంత తేలికగా నేర్పగలిగే వ్యాయామం ప్రాథమిక తరగతుల్లో మరొకటి కనిపించదు. కామిక్ తయారీలో ఉన్న అన్ని లాభాల్లోకీ తెలుగు బడులకు ఇదే పెద్దది.

వాక్య నిర్మాణం కూడా ఇక్కడ కలిసొస్తుంది. "ఆమె సగం తీసుకోమని చెప్పింది" అన్న వాక్యంలో చెప్పిన మాట కరిగిపోయి 'అని' లోపలికి వెళ్లిపోయింది. బుడగలో మాట విడిగా, దాని ముఖంతో, దాని గొంతుతో ఉంటుంది. మూడో తరగతికి వచ్చాక బుడగల్లోని మాటలను మామూలు పేరాగా మార్చి రాయమనవచ్చు. కొటేషన్ గుర్తులు, 'అని', 'అంది', 'అడిగింది' అన్నీ అప్పుడు అవసరంగా ఎదురవుతాయి. వ్యాకరణం పాఠంగా చెబితే వారం పట్టేది గంటలో తెలుస్తుంది.

ఇక చప్పుళ్లు. ఝ అంటే ఝషం, ఠ అంటే కంఠం అని పిల్లలు వల్లె వేస్తారు. ఝషం అంటే చేప అని వాళ్లకు ఇంట్లో ఎవరూ చెప్పరు, ఆ మాట మళ్లీ ఎక్కడా వినపడదు. కామిక్‌లో చప్పుడు రాయాలి కదా. బెలూన్ పగిలితే ఢాం, డప్పు మోగితే ఢమఢమ, గజ్జెలు ఘల్లు ఘల్లు, తలుపు పడితే ధడేల్, కుక్క భౌ భౌ, పిడత కింద పడితే భళ్లున. పిల్లలకు దండగ అక్షరాల్లా కనిపించే, ఒత్తి పలికే మహాప్రాణాలు ఒక్కసారిగా పనికొచ్చేవి అవుతాయి. ధడేల్ చివర ల కి పొల్లు పెట్టకపోతే చప్పుడు ఆగదని, సాగిపోతుందని పైకి చదివితే వాళ్లకే తెలుస్తుంది. తెలుగులో ఇలాంటి జంట పదాలకు లోటు లేదు. చిటపట, జలజల, గుసగుస, టపటప... క్లాసులో అందరూ కలిసి వాన చప్పుళ్లు చెప్పమంటే బోర్డు నిండిపోతుంది.

బొమ్మకూ రాతకూ ఉన్న బంధం

బొమ్మ గీయడం చదువుకు అడ్డమని తల్లిదండ్రుల్లో చాలామందికి ఒక భయం ఉంటుంది. రష్యన్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త లెవ్ వైగాట్‌స్కీ దీన్ని వేరేలా చూశాడు. కర్రపుల్లను గుర్రమనుకుని ఆడటం, బొమ్మ గీయడం, అక్షరం రాయడం ఒకే దారిలో వచ్చే మజిలీలని ఆయన వివరించాడు. ఒక వస్తువు మరొకదానికి గుర్తుగా నిలబడుతుందని ఆటలో తెలిసిన పిల్లకే, గీత మాటకు గుర్తుగా నిలబడుతుందని తెలుస్తుంది. కాబట్టి ఐదేళ్ల పిల్ల గీసే బొమ్మను రాతలో భాగంగానే చూడాలి.

కామిక్ పుట్టుకలోనూ బడి ఉంది. జెనీవాలో బడి నడిపిన రొడాల్ఫ్ టోప్ఫర్ సరదాగా బొమ్మల కథలు గీసి శిష్యులకు చూపించేవాడు, వాటిని 1830లలో అచ్చు వేశాడు. కామిక్‌కు ఆద్యుల్లో ఒకడిగా ఆయన్ని చెప్పుకుంటారు. ఇటీవలి కాలంలో చూస్తే 2001లో కొలంబియా యూనివర్సిటీ టీచర్స్ కాలేజీలో మైకేల్ బిట్జ్ మొదలుపెట్టిన కామిక్ బుక్ ప్రాజెక్ట్ ఉంది. న్యూయార్క్‌లో బడి వదిలాక నడిచే కార్యక్రమాల్లో పిల్లలు తమ వీధి, తమ ఇల్లు, తమ భయాల గురించి కామిక్స్ రాసి గీశారు. మన దేశంలో శరద్ శర్మ స్థాపించిన వరల్డ్ కామిక్స్ ఇండియా గ్రామాల్లో, బస్తీల్లో మామూలు మనుషుల చేత నాలుగు గడుల గోడ కామిక్స్ గీయిస్తోంది. కళాకారులే గీయాలన్న పట్టింపు లేదు, నలుపు తెలుపు జిరాక్స్ చాలు, గోడకు అతికిస్తే ఊరంతా చదువుతుంది. ఆ నాలుగు గడుల పద్ధతి చిన్నపిల్లలకు అచ్చంగా సరిపోతుంది.

తెలుగు నేలకూ ఇది కొత్తేమీ కాదు. సిద్దిపేట జిల్లా చేర్యాల నకాషీ పటాల్లో కథ గడులు గడులుగా ఉంటుంది, పటం విప్పుతూ కథ చెబుతారు. శ్రీకాళహస్తి కలంకారీ తెరల్లో బొమ్మల వరసల కింద తెలుగులో రాత ఉంటుంది. 1947లో మొదలైన చందమామ ఏళ్ల తరబడి నెలకు రెండు ఫోటోలు వేసి, ఆ రెండింటినీ కలిపే వ్యాఖ్యలు రాయమని పాఠకులకు పోటీ పెట్టేది. రెండు బొమ్మలు, వాటి మధ్య ఒక ఖాళీ, దాన్ని కలిపే మాట. ఆ పోస్టుకార్డులు రాసిన పిల్లలకు తెలియకుండానే అది కామిక్ పాఠం. ఆ పోటీని ఇవాళ ఏ తరగతి గదిలోనైనా రెండు ఫోన్ ఫోటోలతో మళ్లీ పెట్టుకోవచ్చు.

చేయించేటప్పుడు ఎదురయ్యేవి

మొదటి ఇబ్బంది చాలా చిన్నదే కానీ ప్రతిసారీ వస్తుంది. పిల్లలు ముందు అందంగా బుడగ గీస్తారు, తర్వాత మాట పట్టదు. తెలుగుకు ఇది మరీ ఎక్కువ. పైన గుడి, దీర్ఘం, కింద ఒత్తులు, కొమ్ములు... ఇంగ్లిష్ అక్షరాలు పట్టేంత ఎత్తు మనకు చాలదు. "గుడ్డు" రెండో వరసలోకి వస్తే దాని ఒత్తు మూడో వరసలో గుడి మీదికి దిగుతుంది. అందుకే ముందు మాట రాయాలి, తర్వాత దాని చుట్టూ బుడగ గీయాలి. మాట రాశాక మిగిలిన చోటులో బొమ్మ. ఈ ఒక్క క్రమం పాటిస్తే సగం కన్నీళ్లు తగ్గుతాయి.

ఇద్దరు మాట్లాడుకుంటుంటే ముందు మాట్లాడేవాళ్ల బుడగ ఎడమ వైపు, కాస్త పైన ఉండాలి. ఇది ముందే చెప్పాల్సిన పని లేదు. జవాబు ముందు, ప్రశ్న తర్వాత వచ్చిన గడిని ఎవరైనా పైకి చదివితే క్లాసంతా నవ్వుతుంది, గీసినవాళ్లూ నవ్వుతారు, మరెప్పుడూ మరిచిపోరు.

"నాకు బొమ్మలు రావు" అనే పిల్లలు ప్రతి గదిలో ఉంటారు. పెద్దయ్యేకొద్దీ వాళ్ల సంఖ్య పెరుగుతుంది. వాళ్లకు పుల్లల మనుషులు చాలు. గుండ్రటి తల, ఐదు గీతలు. కనుబొమ్మల వాలు మార్చితే కోపం, నోటి గీత తిప్పితే ఏడుపు. టీచరు బోర్డు మీద గీసే బొమ్మ కూడా పుల్లల మనిషే అయితే మంచిది. టీచరు చక్కగా గీస్తే పిల్లలు అదే దించుకుంటారు, మళ్లీ చూచిరాతే అవుతుంది. ముందుగానే గడులు, బొమ్మలు అచ్చువేసి ఖాళీ బుడగలు నింపమనే వర్క్‌షీట్లు ఇప్పుడు చాలా దొరుకుతున్నాయి. మొదటి రోజు అలవాటుకు పనికొస్తాయేమో కానీ అసలు నిర్ణయాలన్నీ వాటిలో ఎవరో చేసేసి ఉంటారు.

ఇంకా అక్షరాలు రాని ఐదేళ్ల పిల్లలైతే బొమ్మ వాళ్లు గీస్తారు, మాట వాళ్లు చెబుతారు, పెద్దవాళ్లు బుడగలో రాస్తారు. చెప్పింది చెప్పినట్టు రాయాలి. తర్వాత వేలు పెట్టి చదివి వినిపిస్తే, తన నోటి మాటే కాగితం మీద నుంచి తిరిగి వచ్చిందని ఆ పిల్లకు అర్థమవుతుంది. అయితే అక్షరాలు, గుణింతాలు నేర్పే పని బొమ్మల కథ చేసిపెట్టదు. ఆ సాధన విడిగా, క్రమంగా జరగాల్సిందే. నేర్చుకున్న అక్షరానికి వెళ్లడానికి ఒక చోటు చూపించడం వరకే దీని పని.

తప్పులు ఎప్పుడు దిద్దాలన్నది చాలామంది టీచర్లకు టెన్షన్. పెన్సిల్ కాగితం మీద ముందు కథ గురించే మాట్లాడటం మేలు. "ఇక్కడ కోతి ఎటు పోయింది?" లాంటి ప్రశ్నలు. ఫెయిర్ కాపీ చేసేముందు స్నేహితులు చదివి వినిపిస్తే సగం తప్పులు బయటపడతాయి, మిగిలిన రెండు మూడు టీచరు చెప్పవచ్చు. పూర్తయిన కాగితం మీద ఎర్ర పెన్ను పెట్టకుండా ఉంటే చాలు.

విదేశాల్లో పెరుగుతున్న తెలుగు పిల్లలకు ఇది మరో కోణంలో పనికొస్తుంది. వాళ్లలో చాలామందికి అమ్మా నాన్నల మాట అర్థమవుతుంది, చదవడం రాదు. సిలికానాంధ్ర మనబడి లాంటి చోట్ల వారాంతాల్లో అక్షరాలు నేర్చుకుంటున్నారు. పేరాలు రాయలేని పిల్లలు కూడా "అమ్మమ్మా, ఎప్పుడొస్తావ్?" అని ఒక బుడగ రాయగలరు. ఆ కాగితాన్ని ఫోటో తీసి గుంటూరుకో వరంగల్‌కో పంపితే, చదివే మనిషి కూడా దొరికినట్టే. అటునుంచి అమ్మమ్మ గీసిన గడి వస్తే ఇంకా మంచిది.

గీసిన కాగితాలు దాచడం కూడా ఈ పనిలో భాగమే. క్లాసులో ఒక మూల నుంచి మరో మూలకు సుతిలి కట్టి, బట్టలకు పెట్టే క్లిప్పులతో తగిలిస్తే పిల్లలు ఖాళీ దొరికినప్పుడల్లా వాటి కింద నిలబడి చదువుతారు. వారం తర్వాత తీసి, వెనక తేదీ వేసి ఫైల్లో పెట్టాలి. సంవత్సరం చివర తల్లిదండ్రులు వచ్చినప్పుడు మొదటి కాగితాన్నీ చివరి కాగితాన్నీ పక్కపక్కన పెట్టి చూపించవచ్చు. జులై కాగితంలో నాలుగు గడులకూ కలిపి ఒకటే మాట ఉంటుంది, "టక్". మార్చి కాగితంలో బుడగలు కిక్కిరిసి ఉంటాయి, "అంతలో" అని ఒక పెట్టె ఉంటుంది, గుడ్డు కింద ఒత్తు ఉంటుంది. నాలుగు గడులు చాలక, తేదీ వేసిన వెనక వైపున ఐదో గడి మొదలై ఉంటుంది.